దూరము తెలిసిన సారథి

విశాలమైన రహదారిలో ప్రవేశించి, గంటకు 110 కిలోమీటర్ల వేగమును మీట నొక్కి నిర్ణయించి, యాక్సిలరేటరు మీదినుండి పాదము తీసి, పక్కనున్నవారితో సంభాషణలో పడిన వాహనచోదకునకు కొంతసేపటికి ఒక విచిత్రానుభవము కలుగును. తన్ను దాటి కార్లు వరుసగా పోవుచుండును. తాను మాత్రము వెనుకబడినట్లు తోచును. ఇదేమని స్పీడోమీటరు వంక చూచినచో ముల్లు 84 వద్ద నిలిచియుండును, ఎదుట నొక సరకుల లారీ తన దారిన తాను నింపాదిగా సాగుచుండును. ఆ లారీ ఎప్పుడెదురైనదో, తన కారు ఎప్పుడు వేగము తగ్గించుకొన్నదో ఆతడెరుగడు. తానే నడుపుచుండినచో అర కిలోమీటరు ముందుగనే లారీని గమనించి, అద్దములో వెనుకకొక చూపు సారించి, వరుస మార్చి, వేగమేమియు తగ్గకుండ దానిని దాటిపోయి యుండెడివాడు. యంత్రమో, ఆజ్ఞాపించినవాని కొక్క మాటయైనను చెప్పక, కుదుపు తెలియనీయని నేర్పుతో వేగమును కొంచెముకొంచెముగా సన్నగిల్లజేసి, లారీ వెనుక వినయముగా నొదిగి, గంటసేపైనను దాని ననుసరించి పోవుటకు సిద్ధమై యుండును. మేలుకొని దాటిపోదమని స్టీరింగు త్రిప్పినను, ఆ వరుసను పూర్తిగా విడిచితిననియు, ఎదుటి దారి ఖాళీయనియు తన గ్రాహకములు నిశ్చయించుకొనువరకు అది ముందునకు దూకదు. ఈలోగా వెనుకనుండి 110 వేగమున వచ్చువారు లైట్లు వెలిగించి యార్పుచు తమ అభిప్రాయమును తెలుపుచుందురు.

అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోలను ఈ సాధనమును గూర్చి విసుగుకొనువారు నేడు లోకమున పెక్కుమంది కలరు. ఆ విసుగులో కొంత అలవాటులేమియు కొంత అహంకారమును కలవనుట నిజమే. తన కారును మరియొకరు నడుపుట, ఆ మరియొకరు యంత్రమే యైనను, ఎవనికి నచ్చును? కాని ఈ రెండింటిని తీసివేసిన పిదపను ఒక బలమైన కారణము మిగులును. అది ఏదో యొక కంపెనీవారి అజాగ్రత్తవలన కలిగినది గాదు. రెండు శతాబ్దములకు పైబడిన ఒక యంత్రజాతి స్వభావములోనే యున్నది. కావున మనము కొంచెము వెనుకకు పోవలసియున్నది.

యంత్రముచేతనే యంత్రవేగమును నిగ్రహింపజేయు యత్నము మోటారుకార్లకంటె చాల పురాతనమైనది. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరియంత్రమునకు గవర్నరు నమర్చెను. యంత్రముతోపాటు గిరగిర తిరుగు రెండు ఇనుపగుండ్లు వడి హెచ్చినకొలది వెలుపలికి చెదరి పైకి లేచును. అవి లేచినకొలది వానికి తగిల్చిన కడ్డీలు ఆవిరి వచ్చు ద్వారమును మూయుచుండును. వడి తగ్గినచో గుండ్లు దిగును, ద్వారము తెరచుకొనును. మనుష్యుని ప్రమేయము లేకయే యంత్రము తన్ను తాను దిద్దుకొనుట వింతగనే యుండెను గాని, అట్టి యంత్రములలో కొన్ని స్థిరవేగమునకు వచ్చుటకు బదులు హెచ్చుతగ్గుల మధ్య ఎడతెగక ఊగిసలాడుచుండుటయు ఇంజనీర్లు చూచుచునే యుండిరి. ఈ ఊగిసలాటకు కారణమును గణితమున వెదకినవాడు జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్. విద్యుదయస్కాంత సిద్ధాంతముచేత చిరస్మరణీయుడైన ఆ మహనీయుడు 1868లో గవర్నర్లను గూర్చి ప్రకటించిన యొక చిన్న వ్యాసమున రెండు జాతుల యంత్రములను వేరుపరచెను. వేగమున వచ్చిన వ్యత్యాసమునకు తగినంతమాత్రమే స్పందించి, కొంత లోటును శాశ్వతముగా మిగిల్చునవి మొదటి జాతి. లోటు పూర్తిగా తీరువరకు తమ ప్రయత్నమును కూడబెట్టుకొనుచు పోవునవి రెండవ జాతి. దిద్దుబాటు ఎప్పుడు శాంతించునో, ఎప్పుడు తానే ఉపద్రవమై పెరుగునో నిర్ణయించు షరతులను కూడ ఆయన సమీకరణములనుండి రాబట్టెను.

ఎత్తుపల్లములు గల దారిలో పాతకాలపు క్రూయిజ్ కంట్రోలుతో ప్రయాణము చేసినవారు మాక్స్‌వెల్ చెప్పిన రెండు జాతులను తమకు తెలియకయే చూచియుందురు. మొదటి జాతి యంత్రముగల కారు మిట్ట నెక్కునప్పుడు 80కి బదులు 76 వద్ద ఉసూరుమనుచు పోవును. రెండవ జాతిది ఆ లోటును సహింపక, క్షణక్షణమునకు ఇంజినుకు మరింత ఇంధనము నందించుచు, శిఖరము చేరునప్పటికి తన ప్రయత్నమునంతయు పోగుచేసుకొని యుండును. అంతలో దారి పల్లమగును, కూడబెట్టిన ప్రయత్నము కరగుటకు కొంత కాలము పట్టును, కారు 84కు ఉరుకును. మనుష్యుడు మిట్టను కంటితో చూచి, అది కారును తాకకమునుపే పాదమును కొంచెము నొక్కును. శిఖరము కనబడగనే సడలించును. గవర్నరునకు అట్టి వెసులుబాటు లేదు. దానికి వ్యత్యాసము ముందు, దిద్దుబాటు తరువాత. తప్పు జరిగినగాని అది మేలుకొనదు. ఎంత సూక్ష్మమైన తప్పునకు మేలుకొనునన్నదియే దాని ప్రతిభ. ఈ యొక్క విషయమును మనస్సున నుంచుకొన్నచో తక్కిన కథయంతయు దానినుండియే పుట్టినట్లు కనబడును.

కార్లలో వేగమును నిలుపు సాధనమును కల్పించిన రాల్ఫ్ టీటర్ అంధుడనుట చాలమందికి ఆశ్చర్యము కలిగించును. 1890లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున హేగర్స్‌టౌనులో జన్మించి, ఐదేండ్ల ప్రాయమున చూపు కోల్పోయి, ఇంజనీరింగు చదివి, పిస్టను రింగులను తయారుచేయు పర్ఫెక్ట్ సర్కిల్ కంపెనీకి అధ్యక్షుడైన ఈ మేధావి, తన న్యాయవాది కారులో ప్రయాణము చేయునప్పుడు, ఆ పెద్దమనిషి తాను మాటలాడునప్పుడు వేగము తగ్గించుచు, ఎదుటివారి మాట వినునప్పుడు హెచ్చించుచు పోవుటవలన కలిగిన కుదుపులకు విసిగి ఈ యోచన చేసెనని చెప్పుదురు. కన్నులున్నవారు గమనింపని దోషమును ఆయన మేను పట్టుకొనెను. 1950లో పేటెంటు లభించెను. 1958లో క్రైస్లర్ వారి ఇంపీరియల్ కారులో ఆ సాధనము విపణికి వచ్చెను. మనుష్యుని చాంచల్యముపై విసుగునుండి పుట్టిన యంత్రము నేడు మనుష్యునికే విసుగు పుట్టించుట కాలవైచిత్రి.

టీటరు యంత్రమునకు తన వేగము తప్ప మరేమియు తెలియదు. ఎదుటి కారును కూడ చూచి నడచుకొను యంత్రములు 1990లలో వచ్చినవి. జపానులో మిత్సుబిషి వారు 1995లో డయమాంటే కారులో లేసరు కిరణముతో దూరమును కొలుచు ఏర్పాటు చేసిరి. అది బ్రేకు వేయజాలదు, ఇంధనమును తగ్గించి గేరు మాత్రము దించగలదు. ఆ దశాబ్దము చివర మెర్సిడెస్ బెంజ్ వారి ఎస్ క్లాసు కార్లలో రాడారు ప్రవేశించెను. నేడు అధికభాగము కార్ల ముందుభాగమున దాగియుండు రాడారు 76నుండి 77 గిగాహెర్ట్జుల మధ్య, అనగా సుమారు 4 మిల్లీమీటర్ల తరంగదైర్ఘ్యముతో, రేడియో తరంగములను పంపి ప్రతిధ్వనిని గ్రహించును. 1842లో క్రిస్టియన్ డాప్లర్ ప్రతిపాదించిన సూత్రము ననుసరించి, ఎదుటి వాహనము సెకనుకు ఒక మీటరు చొప్పున సమీపించుచున్నచో తిరిగివచ్చు తరంగముల సంఖ్య సెకనుకు సుమారు 510 చొప్పున హెచ్చును. సెకనుకు 7,700 కోట్ల కంపనములలో అయిదువందల భేదమును పట్టుకొనుట సామాన్యమైన విద్య గాదు. వాన, పొగమంచు, చీకటి దీనికి పెద్ద అడ్డు గావు. దూరమును సాపేక్షవేగమును కొలుచుటలో ఏ చోదకుని కన్నును దీనికి సాటిరాదని నిస్సంకోచముగా చెప్పవచ్చును.

ఐతే దూరము కొలుచునంత చక్కగా ఇది దిక్కును కొలువజాలదు. ఎదుటి వంపులో పక్కవరుసనున్న లారీ సరిగా మన ముక్కునకెదురుగ కనబడును. మన వరుసలోని కారు పక్కకు తొలగినట్లుండును. కారు తాను తిరుగుచున్న రేటునుబట్టి దారి వంపును ఊహించుకొనును గాని, వంపులోనికి ప్రవేశింపకముందు తిరుగుటయే లేదు గదా! అందుచే నిర్దోషియైన పక్కవరుస లారీని చూచి బ్రేకు వేయుటయు, వంపు తిరిగిన ముందటి కారు కనబడక దారి ఖాళీయని భ్రమించి వేగము పెంచుటయు తటస్థించుచుండును. రహదారినుండి దిగు వంపుదారిలో ఈ రెండవ పొరపాటు గుండె జల్లుమనిపించును.

ఇంతకంటె గంభీరమైనది కదలని వస్తువుల సంగతి. వంతెన, సూచనల బోర్డు, ఇనుప కటకటాలు, దారిలోని మ్యాన్‌హోలు మూత, ఇవన్నియు రాడారునకు ప్రతిధ్వని నిచ్చును. ఇవన్నియు మన వేగముతోనే మనకెదురు వచ్చుచున్నట్లు కనబడును. వీనియన్నిటికి బ్రేకు వేసినచో కారు ఫర్లాంగునకొకసారి నిలువవలసి వచ్చును. కావున పెక్కు యంత్రముల నిర్మాతలు, అధికవేగమున పోవునప్పుడు, ఎన్నడును కదలగా చూడని వస్తువును లెక్కింపవలదని తమ యంత్రమునకు బోధించిరి. ఇది నిర్లక్ష్యము గాదు, నిర్ణయము. కాని దాని ఫలితముగా దారిలో చెడి నిలిచిన లారీయు వంతెన స్తంభముతో సమానమై పోయెను. ముందుపోవు కారు హఠాత్తుగా పక్కకు తప్పుకొని, నిలిచియున్న వాహనమొకటి బయటపడినప్పుడు, దారి ఖాళీయైనదని సంతసించి యంత్రము వేగము పెంచినను పెంచవచ్చును. కారుతో వచ్చు పుస్తకములో ఈ హెచ్చరిక తప్పక ముద్రించియుండును; ఆ పుస్తకము కారు అరలో ప్లాస్టికు సంచి విప్పకుండ భద్రముగా నుండును. ఇందుకు విపర్యయముగా, లేని అడ్డమును ఉన్నదని తలచి నడిరోడ్డున బ్రేకు వేయు జాడ్యమును కలదు. 2022 ఫిబ్రవరిలో అమెరికా రహదారి భద్రతా సంస్థవారు, తొమ్మిది నెలలలో 354 ఫిర్యాదులు వచ్చినవని పేర్కొని, సుమారు 4 లక్షల 16 వేల టెస్లా కార్ల విషయమున విచారణ ప్రారంభించిరి. విచారణ ప్రారంభమైనంతమాత్రమున దోషము రుజువైనట్లు గాదు గాని, ఈ బాధ కొద్దిమంది ఊహ మాత్రము గాదని దానివలన తెలియును. ఉన్నదానిని విడువకుండుటయు లేనిదానిని పట్టకుండుటయు ఏకకాలమున సాధించుట కష్టము. ఒకదానిని బిగించినచో రెండవది సడలును.

ఇక నిత్యమును పదిమందికి పది రీతుల కోపము తెప్పించు విషయము, ముందటి కారునకును మనకును నడుమ యంత్రము విడుచు ఖాళీ. దీనిని మీటర్లలో గాక సెకన్లలో నిర్ణయింతురు. సాధారణముగా ఒక సెకను మొదలుకొని రెండు సెకన్లకు పైచిలుకు వరకు మూడునాలుగు మెట్లుండును. గంటకు 100 కిలోమీటర్ల వేగమున రెండు సెకన్లనగా 56 మీటర్లు. ఇది భద్రతకు తగిన దూరమే. పక్కవరుసలో నున్నవానికి మాత్రము దేవుడిచ్చిన చోటు. వాడు చొరబడును; మన కారు వెంటనే తగ్గి, వానికిని తనకును నడుమ మరల 56 మీటర్లను సృష్టించును; ఆ ఖాళీలోనికి మరియొకడు వచ్చును. ఈ విధముగా తాను వెనుకకే పోవుచున్నాననియు, లోకమంతయు తన్ను దాటిపోవుచున్నదనియు చోదకుడు కుములును. ఇచ్చట కొంచెము లెక్క చూచుట మేలు. చొరబడినవాడు ముందటి కారునకు 20 మీటర్ల వెనుక నిలిచెననుకొందము. వాని కారు పొడవు 5 మీటర్లు. ఆ వెనుక మనము విడిచిన 56. అనగా ఇంతకు ముందు 56 మీటర్ల దూరముననున్న మనము ఇప్పుడు 81 మీటర్ల దూరమున నుందుము; నష్టము 25 మీటర్లు, కాలములో చెప్పవలెనన్న ఒక్క సెకనునకు లోపు. చొరబడినవాడు పరమ సాధువై తానును రెండు సెకన్ల ఖాళీ విడిచినను మన నష్టము రెండు సెకన్లకు కొంచెము పైన. గంట ప్రయాణములో ముప్పదిమంది చొరబడినను గమ్యమును ఒక నిమిషము ఆలస్యముగా చేరుదుము. అభిమానము ఒప్పుకొనదు గాని, గడియారము చెప్పునది ఇంతే.

అట్లని యంత్రమును సంపూర్ణముగా సమర్థింపజాలను. చొరబడినవాడు మనకంటె వేగముగ పోవుచున్నచో ఖాళీ తనంతట తానే పెరుగుచుండును. మంచి చోదకుడు ఆ రెండు క్షణములు ఊరకుండును. దూరమునకెక్కువ, సాపేక్షవేగమునకు తక్కువ ప్రాధాన్య మిచ్చు యంత్రము అనవసరముగా బ్రేకు తొక్కి వెనుకవానిని బెదరించును. మరియొక ఉదాహరణము: ముందటి కారు ఎడమ ఇండికేటరు వేసి, వేగము తగ్గించి, పక్కదారిలోనికి తిరుగుచున్నది. రెండు క్షణములలో అది మన దారినుండి తొలగునని మనకు తెలియును. కొలతల యంత్రము మాత్రము, దాని వెనుక బంపరు కొన వరుసను విడుచువరకు, అది మన యెదుటనే నిలువబోవుచున్నదని భావించి కారును నడక వేగమునకు దించును. ముందటివాని భుజము కదలిక, చక్రము వంపు, లారీ డ్రైవరు కిటికీనుండి చేయి చాచుట, పదవ కారు వెనుక వెలిగిన ఎర్రదీపము, ఇవన్నియు రానున్నదానిని తెలుపు సంకేతములు. మనుష్యుడు వీనిని చదువుచు, కొలతలు మారకముందే తాను మారును. యంత్రమునకు దూరము తెలియును, ఉద్దేశము తెలియదు.

ఒక్క కారు తప్పు తరువాత దిద్దుకొనుట ఆ కారులోని వారికి విసుగు. వరుసగా పది కార్లు అట్లే దిద్దుకొనుట సర్వజనులకు ఇక్కట్టు. 2008లో జపానుకు చెందిన యూకి సుగియామా మున్నగువారు 230 మీటర్ల చుట్టుకొలతగల వలయమున 22 కార్లను మనుష్యులచేత సమవేగముతో నడిపించి చూచిరి. అడ్డము లేదు, కూడలి లేదు, ప్రమాదము లేదు. ఐనను కొంతసేపటికి ఒకచోట కార్లు గుమిగూడి నిలిచిపోయెను, ఆ నిలుపుడు అలవలె గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగమున వెనుకకు ప్రయాణము చేసెను. కొరడా పిడివద్ద చిన్న విదిలింపు కొనవద్ద పెద్ద దెబ్బయైనట్లు, ముందువాడు చేసిన స్వల్పమైన తగ్గింపు ఒక్కొక్క కారు దాటినకొలది పెరుగుచు పోయెను. యంత్రములు ఈ మానవదోషమును మాన్పునని చాలమంది ఆశించిరి. కాని 2014లో విసెంటె మిలానెస్, స్టీవెన్ ష్లాడోవర్ అను పరిశోధకులు కాలిఫోర్నియాలో నాలుగు కార్లను ఒకదాని వెనుక నొకటి ఈ సాధనముతో నడిపినప్పుడు తగ్గింపు వెనుకకు పోయినకొలది పెరిగెను. తరువాత డానియెల్ వర్క్ మున్నగువారు అమెరికా విపణిలోని ఏడు రకముల కార్లను పరీక్షించినప్పుడు ఏడింటిలోను ఇదే గుణము కనబడెను.

కారణము సులభముగనే గ్రహింపవచ్చును. ముందటి కారు తగ్గినది మొదలు మన యంత్రము దానిని కొలిచి, కొలత నిజమని నిశ్చయించుకొని, ఇంజినునకో బ్రేకునకో ఆజ్ఞ పంపి, ఆ ఆజ్ఞ చక్రములవరకు చేరునంతలో కొంత కాలము గడచును. ఆ కాలములో ఖాళీ కుదించుకొనిపోవును. వేగము తగ్గినప్పుడు కావలసిన ఖాళీయు కొంత తగ్గును గనుక, మొదటినుండి ఎక్కువ సెకన్లు విడిచినవానికి ఈ కుదింపు ఇమిడిపోవును. తక్కువ విడిచినవాడు పోయిన ఖాళీని తిరిగి సంపాదించుటకు ముందటి కారుకంటెను కొంతసేపు మెల్లగా పోక తప్పదు. వాని వెనుకవాడు అంతకంటె మెల్లగా. కనుక చొరబడువారికి చోటీయరాదని కోపముతో ఖాళీని కనిష్ఠపు మెట్టునకు తగ్గించిన పెద్దమనిషి, తన వెనుక రెండు కిలోమీటర్ల దూరమున కార్లు కారణము తెలియక ఎందుకు నిలిచిపోవుచున్నవో ఎన్నడును ఎరుగడు. మొదటి విసుగునకు మందు రెండవ విసుగునకు విషము.

ముందుచూపు లేకపోవుటయే దోషమైనచో, దారి పక్కనున్న వేగపరిమితి బోర్డును కెమెరాతో చదివించియు, దేశపటమును జ్ఞాపకమున నిల్పియు యంత్రమునకు ముందుచూపు కల్పింపరాదా యను యోచన సహజముగనే కలిగెను. కొన్ని కార్లలో క్రూయిజ్ కంట్రోలు ఈ బోర్డులనుబట్టి తన వేగమును తానే మార్చుకొనును. యూరోపియను యూనియనువారు మరియొక అడుగు వేసి, 2022 జూలై నుండి కొత్త నమూనాలకును, 2024 జూలై నుండి అమ్ముడుపోవు ప్రతి కొత్త కారునకును, పరిమితి మీరినప్పుడు చోదకుని హెచ్చరించుటయో వేగమును అదుపుచేయుటయో చేయు సాధనమును తప్పనిసరి చేసిరి. చోదకుడు దానిని ఆపివేయవచ్చును. కాని మరల కారును స్టార్టు చేసినప్పుడెల్ల అది మేలుకొనియే యుండును. ప్రతి ఉదయమును కారెక్కగనే దానిని ఆపివేయుట అచ్చట ఎందరికో సీటు బెల్టు పెట్టుకొనుటవంటి నిత్యకృత్యమైనది.

ఎందువలననగా, చదువుట వేరు, గ్రహించుట వేరు. పక్కకు దిగిపోవు దారికి పెట్టిన 60 బోర్డును పెద్ద రహదారిలో పోవు కారు చదివి తనకే యనుకొనును. జర్మనీలో తడిసిన దారికి మాత్రమే వర్తించు పరిమితులుండును. పగటివేళ ఎండలో ఆ చిన్న షరతు పలకను కెమెరా గమనింపకపోయినచో కారు నిష్కారణముగా మందగించును. ఫ్రాన్సులో లారీల వెనుక ఆ లారీకి అనుమతించిన వేగములను గుండ్రని బిళ్లలపై అంకెలలో వ్రాసియుంతురు. అట్టి లారీ వెనుక పోవు కారు ఆ బిళ్లను దారి పరిమితిగా స్వీకరించిన సందర్భములున్నవి. దారి మరమ్మతులు ముగిసి నెలలైనను పటము మాత్రము పాత పరిమితినే పట్టుకొని యుండవచ్చును. ఇవి చాలనట్లు, స్పీడోమీటరు కూడ సత్యవ్రతుడు గాదు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనలలో 39వ దాని ప్రకారము అది నిజమైన వేగముకంటె తక్కువ ఎన్నడును చూపరాదు. ఎక్కువ మాత్రము నూటికి పదివంతులు, ఆపైన మరి 4 కిలోమీటర్లవరకు చూపవచ్చును. అనగా 100 చూపుచున్న కారు నిజముగా 88 వేగముననే పోవుచుండవచ్చును. యూరపులో పెద్ద లారీలకు 90 వద్ద వేగనిరోధకము బిగించియుండును. చట్టమును అక్షరాల పాటించి స్పీడోమీటరుపై 90 నిర్ణయించుకొన్న కారును నిజమైన 90తో పోవు లారీ వెనుకనుండి తరుముకొని వచ్చుట ఇందువలననే.

మన దేశమున 2020 ప్రాంతమునుండి ఈ సాధనము సామాన్యమైన కార్లలో కూడ కనబడసాగెను. 2021లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ700 దానిని విదేశీ విలాసపు కార్లనుండి మన వీధులలోనికి దింపెను. హైదరాబాదు చుట్టునున్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు వంటి చోట, గంటకు 120 వరకు అనుమతి గలిగి, ద్విచక్రవాహనములు లేక, కూడళ్లు లేక యుండుటచే, అది బాగుగనే పనిచేయును. దిగి విజయవాడ దారి పట్టినచో దాని కష్టములు ప్రారంభమగును. నింపాదిగా పోవు లారీ కుడివరుసను తన పిత్రార్జితముగా భావించును; దానిని ఎడమనుండి దాటుటకు అందరును అలవాటుపడియుందురు; రాంగురూటులో బైకు ఎదురు వచ్చును; వెనుక ఎర్రదీపము లేని ట్రాక్టరు చీకటిలో కలిసిపోవును; అన్నిటికంటె భయంకరముగా, టైరు పగిలిన లారీ రాళ్లు పేర్చుకొని దారిలోనే నిలిచియుండును. పైన చెప్పిన కదలని వస్తువుల నియమమును ఈ కడపటి దృశ్యముతో కలిపి ఆలోచించినవాడు రాత్రివేళ ఈ మీట జోలికి పోడు. డల్లాసులోనో న్యూజెర్సీలోనో దీనికి చేయి అలవాటైన మన పిల్లలు సెలవులకు వచ్చి నాన్నగారి కారులో దానిని వెదకుటయు, రెండు నిమిషములకే ఆపివేయుటయు ఈమధ్య అరుదైన దృశ్యము గాదు. రెండు సెకన్ల ఖాళీలోనికి అచ్చట ఒక కారు వచ్చును. ఇచ్చట ఒక ఆటో, రెండు బైకులు వచ్చును.

యంత్రము చేయలేని పనిని మనుష్యుడు చేయునని సర్దిచెప్పుకొనుటలో ఒక చిక్కు కలదు. లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అను మనోవిజ్ఞానవేత్రి 1983లోనే, ‘స్వయంచాలనములోని విడ్డూరములు’ అని చెప్పదగిన పేరుతో వ్రాసిన యొక వ్యాసమున, కర్మాగారముల సందర్భమున దీనిని విశదపరచెను: సులభమైన పనులన్నియు యంత్రమునకు అప్పగించి, అది తడబడినప్పుడు మాత్రము మనుష్యుడు అందుకొనవలెనని విధించుటవలన, చేతిలో పనిలేక నైపుణ్యము తుప్పుపట్టినవానిపై అత్యంత కఠినమైన పని ఆకస్మికముగా వచ్చిపడును. పాదమును పక్కన పెట్టుకొని, సంభాషణలో మునిగి, 84 వేగమును కూడ గమనింపనివాడు, నిలిచియున్న లారీని ఒక్క సెకనులో గమనించునని ఆశించుట ఎట్లు? వేగము తగ్గించుచున్నానని ఒక చిన్న ధ్వనితోనైనను తెలుపు యంత్రము, ఏమియు తెలియనీయని మృదువైన యంత్రముకంటె మేలని నా అభిప్రాయము. కుదుపు లేకుండుటయే ఉత్తమగుణమని భావించిన ఇంజనీర్లు కుదుపు కూడ ఒక వార్తయని మరచిరి.

పరిశోధకులు ఊరకున్నారని తలపరాదు. 2013లో నిస్సాను వారు తమ ఇన్ఫినిటీ క్యూ50 కారులో, రాడారు తరంగమును ముందటి కారు క్రిందుగా పంపి, దానికి ముందున్న రెండవ కారు కదలికను గ్రహించి చోదకుని హెచ్చరించు ఏర్పాటు చేసిరి. మనుష్యుని కన్ను దూరలేని చోట యంత్రదృష్టి దూరిన సందర్భమిది. అరిజోనాలోని టూసాను నగరమున జరిపిన వలయప్రయోగములో, సుమారు ఇరువది కార్ల నడుమ తెలివిగా నడిపిన ఒక్క కారు నిలుపుడుల అలను అణచివేయగలిగెను. ఆ పరిశోధకులే మరికొందరితో కలిసి 2022 నవంబరులో నాష్‌విల్ వద్ద నిజమైన రద్దీలో నూరు కార్లను దింపి చూచిరి. మిలానెస్, ష్లాడోవర్లు తమ నాలుగు కార్లకు రేడియో నమర్చి, ముందటి కారు బ్రేకు వేయుచున్న క్షణముననే ఆ సంగతిని వెనుకవానికి చెప్పునట్లు చేసినప్పుడు, ఖాళీని 0.6 సెకనువరకు తగ్గించినను అల పెరుగక తరిగెను. వ్యత్యాసము పుట్టకముందే వార్త చేరినది. రెండు శతాబ్దముల గవర్నరునకు మొదటిసారి ముందుమాట వినబడినది. ఐతే ఆ మాట చెప్పుటకు ముందటి కారునకును రేడియో ఉండవలెను. నడుమ రేడియో లేని కారొకటి చొరబడినచో, వెనుకకారు ఆ సంభాషణను వదలి, ఖాళీని మరల పెంచుకొని, రాడారు కొలతలతోనే నడచుకొనును.